గుత్తగా అమ్మేద్దామంటున్నారు, దేని విలువ ఎంతో తెలిసేదెలా?

కృష్ణా జిల్లా నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. సారాంశం ఇది.

తాతగారు నిజాం రైల్వేలో పనిచేసి, రిటైరయ్యాక సొంతూరికి వచ్చేశారు. అమ్మానాన్నలు ఇద్దరూ పోయారు. పాత ఇల్లు కూల్చేటప్పుడు ట్రంకు పెట్టె ఈవిడ ఇంటికి చేరింది. అందులో ఒక గుడ్డ సంచిలో 41 వెండి రూపాయలు: 22 ఇంగ్లీషు రాజుల బొమ్మలవి, 19 చార్మినార్ బొమ్మవి. నల్లటి లోహం మీద వెండి పువ్వులు పొదిగిన హుక్కా కుండ ఒకటి, 9 అంగుళాల వేణుగోపాలస్వామి పంచలోహ విగ్రహం, తాటాకు పుస్తకాల కట్ట, చట్రం కట్టిన రవివర్మ లక్ష్మీదేవి పటం కూడా ఉన్నాయి. ఇవి కాక, గోడ పడగొడుతుంటే మేస్త్రీకి చిన్న ముంత దొరికింది. దాన్నిండా ఫార్సీ అక్షరాల వెండి నాణేలు. రెండు తను ఉంచుకుని 23 ఈవిడ చేతికిచ్చాడు.

పాత సామాన్ల వ్యాపారి ఒకాయన మొత్తం చూసి గుత్తగా 1,40,000 ఇస్తానన్నాడు. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య ఇచ్చేసేయమంటున్నారు. న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు హుక్కా కుండ తనకు కావాలని, వచ్చినప్పుడు పట్టుకెళ్తానని అంటున్నాడు. వదినగారు అప్పటికే పది పన్నెండు రూపాయల్ని చింతపండుతో తళతళా తోమేశారు. ఇంకోవైపు ఈవిడ కొడుకు దగ్గరున్న రాముడి పట్టాభిషేకం బొమ్మ రాగి నాణేనికి 12 లక్షలు వస్తాయని ఫోన్లు. ముందు 15,000 రిజిస్ట్రేషన్ చార్జీ కట్టాలట. 'పెట్టె నా ఇంట్లో ఉందన్న ఒక్క కారణానికి అన్నదమ్ములిద్దరూ నన్ను అనుమానంగా చూస్తున్నారు. వీటి అసలు ధర ఎవరు చెబుతారు? ఎవరిని నమ్మాలి? ఎలా పంచుకోవాలి?' అని అడుగుతున్నారు.

అమ్మా, ముందు ఆ ఫోను సంగతి. ఆ 15,000 కట్టకండి, ఆ నంబరుకు ఆధార్ కార్డు ఫోటో కూడా పంపకండి. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ చార్జీలు, కమీషన్, పన్ను పేరుతో డబ్బు గుంజే మోసాల గురించి రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చి హెచ్చరించింది. కొనేవాడు అమ్మేవాడి దగ్గర డబ్బు తీసుకునే బేరం ఎక్కడా ఉండదు. పైగా ఆ రాగి బిళ్ళ నాణెమే కాదు. ఒకవైపు రామ పట్టాభిషేకం లేదా హనుమంతుడు, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం, అర అణా అని ఉండే బిళ్ళల్ని కంపెనీ ఏనాడూ ముద్రించలేదు. దేశమంతటికీ ఒకే తీరు నాణేలు కంపెనీ వేయడం మొదలుపెట్టిందే 1835లో. ఇవి తర్వాతెప్పుడో గుళ్ళ దగ్గర, జాతరల్లో అమ్మకానికి పోసిన బిళ్ళలు. మీ అబ్బాయిని పూజగదిలో పెట్టుకోమనండి, తప్పులేదు.

ఇక అసలు చిక్కు. మీ ఉత్తరంలో ఒక మాట పదేపదే వచ్చింది: 'ఆ వ్యాపారి ధర చెప్పాడు.' ఆయన చెప్పింది వస్తువుల ధర కాదు, తను పెట్టదలచిన సొమ్ము. ఇది ఏమిటి, ఏ కాలానిది, అసలా నకలా అని తేల్చడం ఒక పని. దానికి విలువ కట్టడం రెండో పని. కొనడం మూడోది. ఈ మూడూ ఒకే మనిషి చేతిలో పెడితే మొదటి రెండూ మూడోదానికి అనుకూలంగానే జరుగుతాయి. ఆయన్ను మోసగాడని అనడం లేదు. గుత్త బేరంలో ఆయన తనకు తెలియని వస్తువులకు సున్నా కట్టి, తెలిసిన ఒకటి రెంటి మీద లెక్క చూసుకుంటాడు. ఆ ఒకటి రెండూ ఏవో మీకు తెలియవు, అంతే తేడా.

కాబట్టి ఎవరికీ చూపించక ముందు ఒక పని చేయండి. ఇది మీ మీద పడుతున్న అనుమానానికి కూడా మందు. ముగ్గురూ వీడియో కాల్‌లో ఉండగా పెట్టె తెరిచి ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఇవ్వండి. నాణేలకైతే ఒక్కో దానికి ఒక్కో నంబరు. నంబరు చీటీని వస్తువుకు అంటించొద్దు, పక్కన పెట్టి ఫోటో తీయండి. కిటికీ దగ్గర ఎండ నేరుగా పడని వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పక్కన స్కేలు పెట్టి, నాణేనికి బొమ్మ, బొరుసు, అంచు మూడూ రావాలి. 0.01 గ్రాము దాకా చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి కొనండి, పెద్ద ఖరీదు కాదు. ఈ జాబితా మీద ముగ్గురూ సంతకం పెట్టాక, పెట్టెలో ఏముందన్న వాదన ఇంక ఉండదు. విగ్రహం ఫోటోలు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టవద్దు. దొంగలు కూడా చూస్తారు.

నాణేల దగ్గర మీరే సగం మదింపు చేసుకోవచ్చు. బ్రిటిష్ రూపాయి బరువు 11.66 గ్రాములు. 1939 దాకా అందులో వెండి 91.7 శాతం, అంటే ఒక్కో బిళ్ళలో దాదాపు 10.69 గ్రాముల మేలిమి వెండి. 1940 నుంచి యుద్ధం వల్ల వెండిని 50 శాతానికి దించేశారు, అప్పుడు 5.83 గ్రాములే. 1947 రూపాయి అయితే నికెల్, వెండి లేదు. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా (నిజాం రాజ్యపు సొంత నాణెం) రూపాయి 11.18 గ్రాములు. 1940లకు ముందువైతే వెండి 81.8 శాతం, మేలిమి 9.14 గ్రాములు; ఆ తర్వాతివాటిలో వెండి 50 శాతమే. మీ 22 బిళ్ళల్లో ఆరు 1940 తర్వాతవని రాశారు. ఆ లెక్కన మిగతా 16కు 171 గ్రాములు, ఆరింటికి 35, చార్మినార్ 19కి, అన్నీ 1940లకు ముందువైతే, దాదాపు 174. అరుగుదల పోను మొత్తం 380 గ్రాములకు కాస్త తక్కువ. దీన్ని ఆ రోజు గ్రాము వెండి ధరతో గుణించండి. కరిగిస్తే వచ్చేది అదీ, దుకాణదారు తరుగు తీసుకుంటాడు కాబట్టి అంతకన్నా కొంత తక్కువ. ఆ గుడ్డ సంచి విలువ ఇంతకన్నా దిగదు. గుత్త ధరలోంచి దీన్ని తీసేసి, మిగిలినదాన్ని హుక్కా కుండ, విగ్రహం, పటం, తాటాకులు, ముంత నాణేల మీద పంచి చూడండి. ఆ బేరం ఎంత పలచనో అప్పుడు మీకే కనిపిస్తుంది.

వెండి తూకం దగ్గర ఇంకొక్క జాగ్రత్త. ఆ రోజుల్లో రూపాయి బిళ్ళ బరువే తులం. ఇప్పుడు దుకాణంలో తులమంటే 10 గ్రాములని లెక్కేస్తారు. 'తులానికి ఇంత' అని ఎవరైనా బిళ్ళకొక తులం చొప్పున లెక్క కడితే, బ్రిటిష్ రూపాయలు 22 దగ్గరే 36 గ్రాములు ఎగిరిపోతాయి. గ్రాముల్లోనే మాట్లాడండి.

వెండి విలువ మీద అదనంగా వచ్చేది సేకర్తలు ఇచ్చే ధర. అది సంవత్సరం, టంకశాల గుర్తు, అరుగుదల, ముద్రలో తేడాలను బట్టి ఉంటుంది. పాతదైతే ఖరీదెక్కువ అన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయిని అదే సంవత్సరం అచ్చుతో 1874 దాకా కోట్ల కొద్దీ వేశారు. వాటిల్లో తేడా తెలిసేది తేదీ దగ్గర ఉండే చిన్న చుక్కల వల్ల. చుక్కలెన్నో భూతద్దంతో లెక్కపెట్టి రాసుకోండి. ఐదో జార్జి 1911 రూపాయి మీద రాజు అంగీలోని ఏనుగు బొమ్మ పందిలా ఉందని గోలయి, మరుసటి ఏడాదికి బొమ్మ మార్చారు. అందుకే ఆ ఒక్క ఏడాది బిళ్ళను సేకర్తలు విడిగా అడుగుతారు. ఆరో జార్జి 1939 రూపాయి నిజంగా అరుదు. అరుదు కాబట్టే అంకె చెక్కి మార్చినవీ పోతపోసినవీ చాలా తిరుగుతున్నాయి. మీ దగ్గర ఉంటే సంబరపడక ముందు బరువు చూడండి, అంచు చుట్టూ అతుకు గీత ఉందేమో చూడండి, పైన సన్నటి బుడగల గుంటలున్నాయేమో చూడండి. ఈ మూడింట్లో ఏది తేడాగా ఉన్నా అనుమానించాల్సిందే.

చార్మినార్ బిళ్ళల్లో మధ్య తోరణంలో ఒక ఫార్సీ అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన 1911 ప్రాంతంలో ఆ ఐన్ సగమే పడ్డ రకం ఒకటుంది, అది తక్కువగా దొరుకుతుంది. 19ని ఒకేలా ఉన్నాయనుకుని ఒకే కుప్ప పోయకండి.

వదినగారు తోమిన వాటి సంగతి. వెండి విలువ తగ్గదు, సేకర్తల ధర తగ్గుతుంది. నూరేళ్ళలో పట్టిన ఆ నల్లటి పొర అసలుతనానికి సాక్ష్యం. తోమితే పొర పోవడమే కాదు, సన్నటి గీతలు పడతాయి, నిపుణుడు ఒక్క చూపులో పట్టేస్తాడు. పోయింది తిరిగి రాదు. మళ్ళీ నల్లబరుస్తామనే వాళ్ళ మాట వినకండి, అది ఇంకా అధ్వానం. వదినగారిని ఏమీ అనకండి, మామూలు తేదీల బిళ్ళలైతే నష్టం పెద్దగా ఉండదు. మిగతావాటిని మాత్రం ముట్టుకోవద్దు. మెత్తటి ప్లాస్టిక్ జేబుల ఆల్బంలలో పెట్టకండి. వాసన వచ్చే ఆ పీవీసీ కొన్నాళ్ళకు కరిగి ఆకుపచ్చ జిగురు పట్టిస్తుంది. ఒక్కో దాన్ని ఆమ్లం లేని కాగితపు కవరులో విడిగా పెట్టండి.

ముంతలో దొరికినవాటి గురించి మాత్రం ధరకన్నా ముందు చట్టం మాట్లాడుకోవాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలోగానీ, భూమికి అంటి ఉన్న కట్టడంలోగానీ దాచి ఉన్నది దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాళ్ళు వీలైనంత త్వరగా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. గోడ కూడా ఇందులోకే వస్తుంది. తెలపకపోతే వాటా పోవడమే కాదు, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. ఆ చట్టం దృష్టిలో 'దొరికినవాడు' మీ మేస్త్రీ. సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు ముప్పాతిక వంతు దొరికినవాడికి, పావు వంతు స్థలం యజమానికి. మేస్త్రీ రెండు ఉంచుకున్నాడని మీరు నొచ్చుకున్నట్టు రాశారు. చట్టప్రకారం చూస్తే ఆయన మీకు ఎక్కువే ఇచ్చాడు.

అయితే మీ ఉత్తరంలోనే మీకు పనికొచ్చే వివరం ఒకటుంది. పాత ఇంటి గుమ్మం మీద 1931 అని చెక్కి ఉందన్నారు. నాణేలు ఎంత పాతవైనా, 1931లో కట్టిన గోడలో వాటిని దాచింది ఆ తర్వాతే కదా. దాచి వందేళ్ళు దాటలేదనీ, దాచినవాళ్ళ వారసులమనీ చెప్పుకునేవాళ్ళకు ఆ హక్కును సివిల్ కోర్టులో రుజువు చేసుకోవడానికి ఈ చట్టమే గడువిస్తుంది. కాబట్టి ఆ గుమ్మాన్ని కట్టెల కింద అమ్మకండి. ఫోటో తీయించండి, ఇంటి పన్ను రసీదులు, పాత దస్తావేజులు వెతికి పెట్టండి. ఒక లాయరును కలిసి, ఆలస్యానికి కారణం రాసి, కలెక్టరుకు నోటీసు ఇవ్వడం మంచి దారి. దీని నష్టం: నెలల తరబడి విచారణ, ప్రభుత్వం కావాలనుకుంటే విలువ చెల్లించి తీసుకునే అవకాశం. ఊరుకోవడం రెండో దారి. దాని నష్టం: రేపు ఏ నిపుణుడైనా 'ఎక్కడివి' అని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. పేరున్న వేలం సంస్థ ముట్టుకోదు. ముట్టుకునేవాళ్ళు ఆ సంగతి చూసుకునే ధర తగ్గిస్తారు. ఈలోగా ఆ 23ని సంచిలోని వాటితో కలపకండి. ఫార్సీ అక్షరాలు, మందమైన చిన్న బిళ్ళలు, తామర గుర్తు అని మీరు రాసినదాన్ని బట్టి ఆర్కాటు రూపాయలయ్యే వీలుంది. అలాంటివాటి మీద 1172 హిజ్రీ (మన లెక్కలో 1758 ప్రాంతం) అని ఉన్నా, మద్రాసులో కంపెనీ అదే తేదీతో 19వ శతాబ్దం మొదట్లో కూడా వేసింది. తేదీ చదివేసి కాలం తేల్చకండి. ముంతను కూడా పారేయకండి, నాణేలతోపాటు దొరికిన కుండకు నాణేలంత సాక్ష్యం ఉంటుంది.

ఇప్పుడు తమ్ముడి హుక్కా కుండ. మీ వర్ణన బిద్రీ పనికి సరిపోతోంది. నిజాం రాజ్యంలోని బీదరు దాని పుట్టిల్లు, రైల్వేలో పనిచేసిన తాతగారికి దొరకడం సహజమే. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు, పైన గీతలు చెక్కి వెండి తీగనో రేకునో పొదుగుతారు, చివర బీదరు కోటలోని పాత మట్టిని నవాసాగరంతో కలిపి పూస్తారు. ఆ మట్టి తుత్తునాగాన్ని నల్లబరుస్తుంది, వెండిని ఏమీ చేయదు. అసలు అందం ఆ తేడాలోనే ఉంది. అందుకే దీన్ని చింతపండుతోగానీ ఇత్తడి తోమే లేహ్యంతోగానీ ముట్టుకున్నారంటే నలుపు లేచిపోయి వస్తువు బూడిద రంగుకు తిరుగుతుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు. ఈ ఒక్క మాట వదినగారికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.

పాతదా కొత్తదా అనే ప్రశ్నకు మొదట ఆకారం చూస్తారు. 17, 18 శతాబ్దాల్లో గుండ్రటి బంతిలాంటివి, కింద చుట్టకుదురు లేకుండా నిలబడవు. 18వ శతాబ్దం చివరికి వచ్చేసరికి అడుగు చదునుగా గంట ఆకారంలో ఉన్నవి వచ్చాయి. పొదుగు రాలిన చోట భూతద్దం పెట్టండి. చెక్కిన గాడి, దాని లోపలి అంచు కనిపించాలి. గాడి లేకుండా తెల్ల రంగో పలచటి పూతో ఊడుతుంటే చవకబారు నకలు. పాతదానిలో నలుపు ఒకే తీరుగా ఉండదు, చెయ్యి పడే చోట అరిగి ఉంటుంది. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుముందన్నమాట. ఇంతవరకూ మీరు చూడగలరు. శతాబ్దం తేల్చడం మాత్రం నిపుణుల పని. సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ గది ఒకసారి తీరిగ్గా చూసి రండి, మీ కుండ ఏ వంశానిదో కొంత అర్థమవుతుంది. మ్యూజియం వాళ్ళు వస్తువును గుర్తుపట్టడంలో సాయపడతారు గానీ డబ్బుల్లో విలువ చెప్పరు. అది ఆశించకండి.

తమ్ముడు దాన్ని సూట్‌కేసులో పెట్టుకెళ్ళడం కుదురుతుందా అన్నది వయసు మీద ఆధారపడుతుంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువును కేంద్ర ప్రభుత్వం, అది అనుమతించిన సంస్థ తప్ప ఎవరూ దేశం దాటించకూడదు. నాణేలకూ ఇదే వర్తిస్తుంది. ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. 'మా తాతగారిది' అన్న మాట ఎయిర్‌పోర్టులో చెల్లదు. తాతగారు కొన్నది 1930లలో అయితే, అప్పటి కొత్త వస్తువే కొని ఉంటే, ఇంకా వందేళ్ళు నిండలేదు. అలాంటప్పుడు ఏఎస్ఐకి (భారత పురావస్తు శాఖకు) దరఖాస్తు పెట్టి, వస్తువు చూపించి, పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళవచ్చు. అప్పటికే పాతదాన్ని తాతగారు కొని ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే. తమ్ముడికి అప్పుడు రెండే ఎంపికలు: తన వాటాగా తీసుకుని ఇక్కడ అన్నయ్యగారింట్లోనో మీ ఇంట్లోనో ఉంచడం, లేదా దాని బదులు డబ్బు తీసుకోవడం. ఒక్క వస్తువు కోసం పాస్‌పోర్టు మీద మచ్చ తెచ్చుకోవద్దని మీరే చెప్పండి. అన్నయ్య చెబితే వాటా దగ్గర గొడవ అనుకుంటాడు.

విగ్రహం వందేళ్ళు దాటినదైతే, అమ్మినా అమ్మకపోయినా ఏఎస్ఐ రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదు చేయించాలి. లోహ, రాతి, మట్టి, దంతపు శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు నమోదు చేయాల్సిన జాబితాలో ఉన్నాయి. ఏఎస్ఐ అమరావతి సర్కిల్ కార్యాలయంలో అడిగితే మీ జిల్లాకు ఎవరో చెబుతారు. దరఖాస్తు, ఫోటోలు, ఎలా సంక్రమించిందో వివరం కావాలి. నమోదు చేయిస్తే ప్రభుత్వం పట్టుకుపోతుందని చాలామంది భయపడతారు. నమోదయ్యాక కూడా యజమాని మీరే, పూజ చేసుకోవచ్చు. చేతులు మారితే మాత్రం తెలపాలి. దొంగతనం జరిగిన రోజున పోలీసులకు చూపడానికి మీ దగ్గర ఉండే గట్టి కాగితం అదే. ఇంతకీ ఈ విగ్రహాన్ని అమ్మే ఆలోచన మీ ముగ్గురిలో ఎవరికీ ఉన్నట్టు ఉత్తరంలో కనిపించలేదు. అమ్మనిదాన్ని పంపకాల లెక్కలోకి లాగకుండా, పూజ ఎవరు చేస్తారో వాళ్ళ దగ్గర ఉంచాలని రాసుకోవడం చాలా ఇళ్ళలో జరిగేదే.

రవివర్మ పటానికి 10 రెట్లు చూపే భూతద్దం పెట్టి లక్ష్మీదేవి బుగ్గ మీద చూడండి. చుక్కలు వరుసలు కట్టి గులాబీ రేకుల్లా అమరి ఉంటే ఈ మధ్య ఆఫ్‌సెట్ ముద్రణ. అడ్డదిడ్డంగా, ఇసుక రేణువుల్లా ఉంటే రాతి అచ్చు మీద వేసిన పాత ముద్రణ. కింద ప్రెస్సు పేరున్న పట్టీ ఉందా, చట్రంలో ఇమడ్చడానికి కత్తిరించేశారా అన్నది ధరను బాగా మారుస్తుంది. 'రవివర్మ ప్రెస్' అని ఉన్నంత మాత్రాన ఆయన కాలానిది కాదు. ప్రెస్సు 1894లో మొదలైంది, 1901లో జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్ చేతికి పోయింది, ఆ పేరుతో ముద్రణ తర్వాత చాలా ఏళ్ళు సాగింది. చీరకు జరీ, చమ్కీలు కుట్టి ఉంటే వాటిని పీకి 'శుభ్రం' చేయకండి. ఆ అలంకరణను కోరి కొనేవాళ్ళున్నారు.

మదింపు చేసేవారి దగ్గరికి వెళ్ళినప్పుడు మొదటి ప్రశ్న ఇది: 'వీటిని మీరు కొంటారా?' కొంటానంటే ఆయన మదింపుదారు కాదు, కొనుగోలుదారు. ఆయన మాట కూడా వినొచ్చు, బేరంగా మాత్రమే. రెండో ప్రశ్న ఫీజు. వస్తువుకింత, రోజుకింత అనేది సరైన పద్ధతి. కట్టిన విలువలో ఇంత శాతం అన్నారంటే విలువ పెంచితే ఆయనకే లాభం, అక్కడ ఆగండి. నోటిమాట వద్దు. కాగితం మీద వస్తువు వర్ణన, కొలతలు, బరువు, దెబ్బలు, ఏ కాలానిదన్న అభిప్రాయం, ఆ అభిప్రాయం ఎంత ఖాయం, ఏ తేదీ నాటి విలువ, ఏ రకం విలువ, ఏ అమ్మకాలతో పోల్చారు, తనకు ఆ వస్తువు మీద ఆసక్తి లేదన్న ప్రకటన ఉండాలి.

'ఏ రకం విలువ' అన్నది మరవకండి. ఇన్సూరెన్స్‌కు రాసే విలువ అంటే అలాంటిది మళ్ళీ దుకాణంలో కొనాలంటే ఎంతవుతుందన్నది. అదే ఎక్కువ. తొందర లేకుండా అమ్మితే వచ్చేది దానికన్నా తక్కువ. వారంలో డబ్బు కావాలంటే వచ్చేది ఇంకా తక్కువ. మూడూ ఒకే వస్తువు ధరలే, ఏదీ అబద్ధం కాదు. అన్నయ్య చేతిలో ఒక రకం కాగితం, తమ్ముడి చేతిలో ఇంకో రకం ఉంటే మీరు ఎన్నాళ్ళు కూర్చున్నా తేలదు. పంపకానికి తొందర లేని అమ్మకం విలువే తీసుకోండి, అన్ని వస్తువులకూ ఒకే తేదీన. ఆన్‌లైన్‌లో కనిపించే ధరలు అడిగినవే తప్ప అమ్ముడుపోయినవి కావు. వేలం సంస్థలు ప్రచురించే పాత ఫలితాలు చూడండి. నాణేలకు ముంబైలోని టోడీవాలా, బెంగళూరులోని మరుధర్ ఆర్ట్స్ లాంటివి ఉన్నాయి.

పంచుకునే దారులు మూడు కనిపిస్తున్నాయి. మొదటిది, అన్నీ అమ్మి డబ్బు పంచుకోవడం. లెక్క సులువు, కానీ తమ్ముడికి కుండ దక్కదు, మామూలు తేదీల రూపాయల్ని వేలానికి పంపితే కమీషన్, పోస్టు ఖర్చులు పోను వెండి ధరకన్నా ఏమంత మిగలదు. రెండోది, విలువ కాగితం చేతికొచ్చాక వంతులవారీగా ఒక్కో వస్తువు ఎంచుకోవడం, ఎక్కువ తక్కువలను డబ్బుతో సరిచేసుకోవడం. మీ ఇంటికి ఇదే కుదురుతుందనిపిస్తోంది. అయితే ఎంచుకున్నాక రేపు ఏదైనా వేలంలో దానికి పదింతలు వస్తే ఇంకొకరు అడగకూడదని ముందే రాసుకోవాలి. మూడోది, మామూలు రూపాయల్ని పంచేసుకుని, అరుదైనవని తేలినవాటిని మాత్రమే ఉమ్మడిగా వేలానికి పంపడం. నెలలు పడుతుంది, అమ్ముడుపోకపోతే తిరిగొచ్చే ఖర్చు మీదే. కానీ వచ్చేది ముగ్గురి కళ్ళముందే వస్తుంది. ఏ దారైనా కూతురిగా మీ వాటా సమానమే, జాబితాలో మీ పేరు 'పెట్టె దాచినవారు'గా కాదు, వాటాదారుగా ఉండాలి.

వ్యాపారికి అమ్మాలనుకుంటే పురావస్తువుల వ్యాపారానికి ఆయన దగ్గర లైసెన్సు ఉందేమో చూడండి. డబ్బు బ్యాంకు ద్వారా తీసుకోండి. చిత్రాలు, శిల్పాలు, కళావస్తువులు అమ్మితే వచ్చే లాభం మీద మూలధన లాభాల పన్ను ఉంటుంది. వారసత్వంగా వచ్చిన పాత వస్తువులకు 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపుకునే వీలుంది. అందుకని ఆదాయపు పన్ను శాఖ గుర్తించిన రిజిస్టర్డ్ వాల్యూయర్‌తో ఆ తేదీ నాటి విలువ కూడా రాయించుకుంటే ఒకే ఖర్చుతో పోతుంది. అమ్మేశాక రాయించాలంటే చూపించడానికి వస్తువు చేతిలో ఉండదు.

తాటాకుల కట్ట గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, వ్యాపారి 'దానికేం రాదు' అన్నాడని. డబ్బుల్లో నిజంగానే పెద్దగా రాకపోవచ్చు. అయినా చివరి ఆకు చూడండి, రాసినవాళ్ళు అక్కడ పేరు, సంవత్సరం రాస్తారు. 'ప్లవ నామ సంవత్సరం' అని ఉంటే అది 1901 కావచ్చు, 1841 కావచ్చు, అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే పేరు కాబట్టి తేల్చేది లిపి తెలిసినవారే. రాతప్రతులకు పురావస్తువుల చట్టంలో వందేళ్ళు కాదు, 75 ఏళ్ళే గీటు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య పరిశోధన సంస్థ, హైదరాబాద్ ఉస్మానియా ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఇలాంటివాటి కోసమే ఉన్నాయి. ముందు ఫోటోలు పంపి, కట్ట మీ దగ్గరే ఉంచుకుని నకలు తీయించుకునే వీలుందేమో అడగండి. దారం బిగుసుకుపోయి ఉంటే లాగకండి, అంటుకున్న ఆకుల్ని విడదీయకండి, కొబ్బరినూనె రాయకండి. వానలు మొదలయ్యేలోపు దాన్ని ట్రంకులోంచి తీసి, శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, నేలకు ఎత్తుగా పెట్టండి.